దారానికి విడిచిన చోటు

అక్షరములందు వెలుగై, అక్షరముల నడుమ మౌనమై నెలకొన్న వాగ్దేవికి ముందుగా మ్రొక్కుచున్నాను. తాటాకుపై గంటము నడిపిన వ్రేళ్ళకును, కంప్యూటరు మీటలపై నడయాడు వ్రేళ్ళకును సమముగా తోడు నిలుచు ఆ తల్లి ఈ చిన్న కథకును తోడగుగాక. ఇది బందరు వాస్తవ్యులు కొల్లూరి సదాశివావధానులవారి కథ. ఆయన శిష్యురాలు సువార్త ఒక మధ్యాహ్నం వేసిన ప్రశ్నకు ఆయన చెప్పీ చెప్పని జవాబు కథ.

అవధానులవారికి ఒక అలవాటుండేది. ప్రశ్న ఎంత చిన్నదైనా ఔననో కాదనో వెంటనే తేల్చేవారు కారు. అడిగినవారి చేతికి ఏదో ఒకటి అందించి "చదువు" అనేవారు. అది తాటాకు కావచ్చు, చిరిగిన పంచాంగం కావచ్చు, ఒకనాడు మందుసీసా మీద అంటించిన కాగితం. చదవడం ముగిసేసరికి అడిగినవారికి తమ ప్రశ్నే వేరుగా వినబడేది. ఆయన పని చేసిన లిఖిత గ్రంథ భాండాగారం బందరులో సముద్రపు గాలి సూటిగా తగిలే ఒక పెంకుటిల్లు. ఆ గాలిలోని ఉప్పుకు తాటాకులు చెడిపోకుండా నెలకొకసారి వాటికి నిమ్మగడ్డి నూనె పట్టించేవారు. ఇప్పుడా ఇల్లు లేదు. బీరువాలు ఏ ఊరికో తరలిపోయాయి. కాని నిమ్మగడ్డి నూనె వాసన ఎక్కడ సోకినా, అక్కడ చదువుకున్నవారికి నేటికీ కిటికీ రెక్కల చప్పుడూ, వాటిని మించి పలికే అవధానులవారి కంఠమూ చెవిలో మెదలుతాయి.

సువార్త పెడన నుండి బస్సులో వచ్చేది. తండ్రి కలంకారీ అద్దకం పనివాడు. ఆమె పరిశోధన చిన్నమాంబ అనే కవయిత్రి దండకాల మీద. ఎన్నడో ఆ తీరప్రాంతంలో పుట్టి, ఊరి పొలిమేర దాటకుండానే జీవితం గడిపిన ఇల్లాలు చిన్నమాంబ. సిద్ధాంత గ్రంథం ఆ శుక్రవారం విశ్వవిద్యాలయానికి చేరాలి. ఆ గడువు తప్పితే మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ నెలల నిరీక్షణ. పట్టా చేతికి వస్తేనే ఒక కళాశాలలో ఆమె కోసం ఆపి ఉంచిన ఉద్యోగం దక్కుతుంది.

"మాష్టారూ, ఒక తలనొప్పి తెచ్చానండీ" అన్నది సువార్త, ల్యాప్‌టాప్ బల్ల మీద తెరుస్తూ.

"నాకున్నది చాలదన్నట్టు!" అన్నారు అవధానులవారు.

ఆధారగ్రంథాల వివరాలనూ, వాటినుండి ఏరిన వాక్యాలనూ ఒకచోట భద్రపరచి, చివరకు పట్టికగా కూర్చిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆమె వాడుతుండేది. చిక్కల్లా అక్కడే వచ్చింది. ఎక్కడినుండి కాపీ చేసి అందులో పేస్ట్ చేసినా, మాటలతోపాటు వాటి పాత ఇంటి వేషం కూడా వెంట వచ్చేది. ఒక పద్యం బోర్డు మీద రాసినంత లావు అక్షరాలతో, ఇంకొకటి నీలిరంగుతో, వేరొకటి పసుపుపచ్చని పూతతో ఉండేవి. కొన్ని వాక్యాలు సగంలో విరిగి కింది వరుసకు దూకేవి.

"చూడండి, గంగిరెద్దు మీది బొంతలా లేదూ? హాస్టల్లో పిల్లలు 'ఇది థీసిసా, తిరనాళ్ళ పందిరా' అని ఒకటే నవ్వు. ఈ ఫార్మాటింగంతా ఒక్క దెబ్బకు తుడిచిపెట్టే మీట ఉందిటండీ. మా నాన్న అద్దకం గుడ్డ కాలవలో జాడించినట్టు మొత్తం జాడించేద్దామని. కడిగేయనా, ఉంచేయనా?"

"జాడిస్తే పోయే రంగేదో, నిలిచే రంగేదో కాలవలో దిగకముందే మీ నాన్నకు తెలుసు గదా తల్లీ" అన్నారాయన. తరువాత కొంతసేపు తెరను చూచి, "చిన్నమాంబ జ్వర దండకం ఇందులో ఉన్నదా? చదువు" అన్నారు.

జ్వరంతో మంచాన పడిన రోజుల్లో చిన్నమాంబ అమ్మవారిని పిలుస్తూ చెప్పినది ఆ దండకం. సువార్త గొంతు సవరించుకొని చదివింది:

"ఓ తల్లి! నీ చల్లనీ చేయి మాణిక్యమౌ కంకణంబూని నా బుగ్గకానించు..."

"బాగున్నది."

"నా నాలుగో అధ్యాయమంతా ఈ కంకణం మీదే నిలబడిందండీ. చిన్నమాంబ అలంకారప్రియత్వం అని పేరు పెట్టాను. జ్వరంలో కూడా అమ్మవారి చేతికి కెంపుల కంకణం చూసిందంటే ఎంత చక్కటి ఊహో చూడండి."

"మరి ఆ కంకణం మాటలొక్కటీ వెలిసిపోయినట్టున్నాయేం?"

నిజమే. తెర మీద మిగిలిన దండకం నల్లగా ఉన్నది. "మాణిక్యమౌ కంకణంబూని" అన్న మాటలు మాత్రం బూడిద రంగులో ఉన్నాయి.

"ఏముందండీ, వెబ్‌సైటు వాళ్ళ సరదా. అందుకేగా కడిగేస్తానంటున్నది."

అవధానులవారు లేచి వెళ్ళి, బీరువాలోనుండి ఒక కాగితపు ప్రతినీ, ఒక తాటాకు కట్టనూ తెచ్చి, ముందుగా కాగితపు ప్రతిని ఆమె ముందుంచి "చదువు" అన్నారు. అదే దండకం. నల్లసిరాతో ముత్యాలవంటి దస్తూరి. కాని ప్రతి వరుసలోనూ నడుమ కొంత మేర వేరొక చేతి రాత ఉన్నది, ఆకుపచ్చ సిరాతో. మాణిక్యమౌ కంకణం ఆ ఆకుపచ్చలో ఉన్నది. సువార్త కనుబొమలు ముడిపడ్డాయి. ఆయన తాటాకు తీసి అందించారు. ఆమె ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చదివి ఒకచోట ఆగిపోయింది. వరుస నడుమ ఒక రంధ్రం, దాని చుట్టూ ఖాళీ. ఖాళీకి ఇవతల "చేయి", అవతల "నా బుగ్గకానించు".

"ఇక్కడ ఆకు చిల్లిపడింది మాష్టారూ. అక్షరాలు పోయాయి."

"పోలేదు. అక్కడ ఎన్నడూ లేవు. ఆకులన్నిటినీ కలిపి దారం గుచ్చాలి గదా. దారం ఒరిసి అక్షరం చెరిగిపోకుండా రాసేవాడు రంధ్రం చుట్టూ చోటు విడిచేవాడు. అది దారానికి విడిచిన చోటు."

అని ఆయన కుర్చీలో వెనుకకు వాలి, తాను చదువుకున్న నాటి సంగతి చెప్పుకొచ్చారు. ఆయన గురువు నృసింహ దీక్షితులుగారు. వారి కాలానికి ముందే ఈ తాటాకులను ఒక ఇంటివారినుండి ఎరువు తెచ్చి సోమరాజు అనే లేఖకుడిచేత కాగితం మీదికి ఎక్కించారు. చూచినదానిలో వెంట్రుకవాసి తేడా రాకూడదన్నది సోమరాజు వ్రతం. పురుగు తొలిచిన చోట పురుగు దారిని కూడా గీసేవాడట. ఆ నిష్ఠతోనే, దారం అక్కరలేని కాగితం మీద కూడా వరుస వరుసకూ దారానికి చోటు విడిచాడు. తాటాకులు సొంతదారుల ఇంటికి తిరిగి వెళ్ళిపోయాయి. కొన్నేళ్ళకు దీక్షితులుగారి చేతికి వచ్చినది కాగితం ఒక్కటే. వారు ఆ ఖాళీలను చూచి, చిన్నమాంబ మాటలు శిథిలమైపోయినవే అని కంటతడి పెట్టారు. దండకం నడక చూడబోతే తగణం వెంట తగణంగా ఎంత దూరమైనా సాగేది. నడుమ నాలుగు గణాలు చేర్చినా చెవి పసిగట్టదు. అన్నం ముందు పెట్టుకొని కూడా గణాలు పలుకుతూ, వారు ఒక వర్షాకాలమంతా ఆ ఖాళీలను పూరించారు. అయితే వారికొక నియమం ఉండేది. కవి మాట నలుపు, మన మాట ఆకుపచ్చ.

"ఎంత బాగుండేవనుకున్నావు ఆ పూరణలు! ఆ రోజుల్లో బందరులో ముత్తైదువలు పేరంటాల్లో పాడుకునేవారు. నేను వాకిట్లో నిలబడి వినేవాణ్ణి" అన్నారు అవధానులవారు. ఆయన కంటిలో ఏదో పాత వెలుగు కదిలింది.

"మరి ఎలా తెలిసిందండీ?"

"ఆ ఇంటివారు ఈ కట్టను భాండాగారానికే ఇచ్చివేశారు. గురువుగారు మొదటి ఆకు ఎత్తి చూచారు. రంధ్రంలోకి దారం ఎక్కించారు. ఇంక నవ్వడం మొదలుపెట్టారమ్మా, దగ్గు వచ్చేదాకా నవ్వారు. 'ఒరే సదాశివం, జ్వరంతో కాలిపోతున్న పిల్ల చల్లటి చెయ్యి అడిగితే, నేను దానికి కెంపుల గాజు తొడిగి పంపానురా!' అన్నారు."

సువార్తకు నవ్వాగలేదు. "నిజమే మాష్టారూ! అన్ని కెంపులున్న చెయ్యి బుగ్గకానిస్తే గీరుకుపోదూ!"

"అదే అన్నారు వారున్ను. గీకివేయమంటారా అని నేను బ్లేడు తీశాను. నా మణికట్టు పట్టుకున్నారు. 'వద్దురా. ఆ పచ్చదనం ఉన్నంతకాలం ఆ తప్పు నాది. అది పోయిన రోజున ఆవిడ మాటైపోతుంది' అన్నారు."

దీక్షితులుగారి అనంతరం ఎవరో ఆ కాగితపు ప్రతిని చూచి దండకాన్ని వెబ్‌సైటులో పెట్టారు. ఆకుపచ్చకు బదులు బూడిద రంగు వాడారు. ఎందుకో చెప్పే వాక్యం మాత్రం పెట్టలేదు.

సువార్త నవ్వు మెల్లగా అణగిపోయింది. ఆమె చూపు తెర మీదికి, తాటాకు మీదికి, మళ్ళీ తెర మీదికి తిరిగింది. "కంకణం తీసేస్తే నా అధ్యాయం నిలబడదు మాష్టారూ. మళ్ళీ రాయాలి. శుక్రవారానికి కాదు."

"కాదు."

"పరీక్షకులెవరూ బందరు వచ్చి తాటాకు చూడరు..."

"చూడరు. ఆ బూడిద రంగు ఒక్కటే సాక్షి. అది కూడా నీ మీట కింద ఉన్నది" అని ఆయన కిటికీలు మూయడానికి లేచారు. గాలి పెరిగింది.

ఆయన ఆలస్యంగానే తిరిగి వచ్చారు. సువార్త ఒక్కొక్క వాక్యమే తీసుకొని పని చేస్తున్నది. లావు అక్షరాలనూ, నీలిరంగునూ, పసుపు పూతనూ జంకు లేకుండా తుడిచివేసింది. విరిగిన వరుసలను అతికించింది. బూడిద రంగు ఎదురైన ప్రతిచోటా మాత్రం చేయి ఆపి, "ఇది నృసింహ దీక్షితులవారి పూరణ, మూలంలో లేదు" అని పక్కనే మాటలలో వ్రాసి, ఆ తరువాతనే రంగు తీసివేసింది. నాలుగో అధ్యాయం దగ్గరకు వచ్చినప్పుడు ఆమె దానిని మొదటినుండి చివరిదాకా చదివింది. చివరకు దానిని పక్కన పెట్టి ల్యాప్‌టాప్ మూసివేసింది. అవధానులవారు చూచారు. ఆఖరు బస్సుకు వేళవుతున్నదని గుర్తుచేశారు.

శుక్రవారం వచ్చి వెళ్ళింది. ఆమె గ్రంథం సమర్పించలేదు. ఆ కళాశాల ఉద్యోగం మరొకరికి వెళ్ళింది. పెడనలో బంధువులు ఇన్నేళ్ళ చదువూ ఇందుకేనా అన్నారు. తండ్రి మాత్రం బస్సు చార్జీలకు ఆమె చేయి చాపకముందే ఇచ్చేవాడు. సువార్త మళ్ళీ భాండాగారానికి వచ్చి, చిన్నమాంబ దండకాలన్నిటినీ తాటాకుల నుండే చదివింది. అలంకారాల కోసం వెదకినచోట ఆమెకు దాహం, ఆవలింత, పక్కింటి తిరగలి మోత, నిద్రపట్టని కళ్ళు దొరికాయి. అధ్యాయం పేరు మారింది.

వేసవి వెళ్ళిపోతుండగా ఒక ఉదయం ఆమె కొత్త అధ్యాయం తెచ్చింది. అప్పటికి అవధానులవారికి చూపు తగ్గింది. "నువ్వే చదువు" అన్నారు. ఆమె మొదటి పుట తీసింది.

"ఓ తల్లి! నీ చల్లనీ చేయి నా బుగ్గకానించు..."

ఆమె అక్కడ ఆపి తలెత్తింది. "మాష్టారూ, ఆ రోజు నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదండీ" అన్నది.

అవధానులవారు కన్నులు మూసుకొని ఉన్నారు. "ఇప్పుడు చల్లగా ఉన్నది తల్లీ. తరువాత చదువు" అన్నారు.

ఈ కథ విన్నవారికిని, వినిపించినవారికిని, ఎక్కడనో కూర్చుండి ఒకరి వాక్యమును పదిలముగా ఎత్తి వ్రాసికొనుచున్న వారికందరికిని వాగ్దేవి కరుణ కలుగుగాక. ఎవరి మాట వారిదై వెలుగుగాక.