నిచ్చెన కాడ ఇంకొకరు

పదకొండు రోజులు మొహం చాటేసి, పన్నెండోనాడు పొద్దెక్కాక సుంకన్న గురువుగారి ఇంటికొచ్చాడు.

బేతంచెర్లలో నాపరాళ్ళు కోసే దుమ్ము ఊరంతా ఎగిరి, మిద్దెల మీది సోలార్ ప్యానెళ్ళ మీద మేట వేస్తుంది. కడిగేవాళ్ళు దొరక్క ఇళ్ళవాళ్ళూ, పని దొరక్క కూలీలూ ఎవరి దారిన వాళ్ళు వెతుక్కుంటుంటే, ఆ ఇద్దరినీ ఫోనులో కలిపే వ్యాపారం పెట్టాడు సుంకన్న. గురువు పెద్దవెంగయ్య కాళ్ళకు మొక్కే మొదలుపెట్టాడు. ఏడాది తిరిగేసరికి పని బాగా అందుకుంది. దాంతోపాటు మనిషి మాట కూడా కాస్త పెరిగింది.

అతను పెట్టిన నియమం ఒకటి ఉంది. ఇంటికి ఒక్క మనిషే వెళ్ళాలి. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఇద్దరొస్తే ఇంట్లో ఆడవాళ్ళు ఇబ్బంది పడతారని అతని ఉద్దేశం.

"నిచ్చెన కాడ ఇంకొకరుండాలన్నా," అని ప్యానెళ్ళు కడిగే మాబువలి రెండుసార్లు అడిగాడు.

"నువ్వేమన్నా పసిపిల్లోనివా?" అని సుంకన్న నవ్వేశాడు.

ఆ నాపరాళ్ళే పరిచిన ఒక వాకిట్లో, పైనుంచి కారిన నీళ్ళకు బండలు తడిసి నిచ్చెన జారింది. మాబువలి మళ్ళీ లేవలేదు.

"నేను కలిపినోణ్ణే గదా స్వామీ. నిచ్చెన జారితే నా తప్పేముంది?"

గురువు ముందు నిలబడి సుంకన్న గట్టిగానే అన్నాడు. నీ తప్పేం లేదని ఎవరైనా అంటే చాలు, నిద్ర పడుతుందని ఆశ. ఇప్పటికి చాలామందే అన్నారు. నిద్ర మాత్రం రాలేదు.

పెద్దవెంగయ్య లేచి, పెరట్లోంచి నిచ్చెన ఈడ్చుకొచ్చి గోడకు ఆనించాడు.

"మన ప్యానెల్ గూడా తెల్లబడింది నాయనా. ఎక్కి రోంత తుడిచి రా."

సుంకన్నకు చివుక్కుమంది. కడుపులో దుఃఖం పెట్టుకొని వస్తే పని చెప్తాడేంది ఈయన! అయినా గురువు మాట. బకెట్టు, గుడ్డ తీసుకుని మిద్దె ఎక్కాడు.

రాతిదుమ్ము ఒక పట్టాన వదల్లేదు. సగం తుడిచేసరికి ఎండ నెత్తి మాడ్చింది. నీళ్ళు అయిపోయాయని చెప్పడానికి అంచుకొచ్చి కిందికి వంగాడు.

డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళు సరిగా వంగని మనిషి, నిచ్చెన మొదట్లో చతికిలబడి రెండు చేతులతో దాని కాళ్ళు పట్టుకుని ఉన్నాడు. నెత్తిన తుండుగుడ్డయినా లేదు. మెడ మీద చెమట కారుతోంది.

"అయ్యో స్వామీ! నేను దిగేతలికి శానా సేపు పడతాది. మీరు పోయి నీడన కూసోండి."

పెద్దవెంగయ్య తలెత్తలేదు.

"నువ్వు దిగేదాకా నాకు నీడ యాడిది నాయనా?"

సుంకన్న మిద్దె మీదే కూలబడి, ఈ పన్నెండు రోజుల్లో మొట్టమొదటిసారి, మాబువలిని పేరు పెట్టి పిలుస్తూ భోరున ఏడ్చాడు.

ఆ ఏడుపు ఆగేదాకా ముసలాయన నిచ్చెన వదల్లేదు.