ఆఖరి బిందె

విశ్వంభరం గారిని ఏదైనా అడగాలంటే ముందు కొంగు నడుముకు చెక్కుకుని వెళ్లాలని ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు చెప్పుకునేవారు. అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. పని చెప్పేవారు. శాసనసభ ప్రెస్ గ్యాలరీలో ప్రభుత్వాలు వస్తూ పోతూ ఉంటే, అదే కుర్చీలో కూర్చుని ముసలివాడైపోయిన విలేకరి ఆయన. జవాబులు వినీ వినీ వాటిమీద మోజు పోయిందని కొందరు, అసలు ఆయనకు జవాబులే తెలియవని కొందరు అనేవారు. ఈ రెండోమాట చెవిన పడినా ఆయన కాదనేవారు కాదు.

ఆ వేసవి మధ్యాహ్నం ప్రసూన ఆయన ఇంటి మెట్లెక్కేసరికి ఒంటిగంట కావస్తోంది. ప్రసూన ఒక దినపత్రికకు శాసనసభ వార్తలు రాస్తుంది. అక్షరం ఎలా రాయాలో బడిలో నేర్చుకుంది గానీ, ఏది వదిలేయాలో మాత్రం ఈయన దగ్గరే నేర్చుకుంది. ఆ రోజు పొద్దున సభలో జరిగినదాని మీద ఆయన్ను ఒకమాట అడగాలని వచ్చింది.

సభలో రేషను బియ్యం మీద చర్చ. బియ్యం లారీలు బయల్దేరాయనీ, ఎవరూ కంగారు పడనక్కర్లేదనీ మంత్రి చెప్పారు. లారీలు బయల్దేరిన మాట నిజమే. రావలసినవాటిలో సగమే బయల్దేరాయన్నది మాత్రం ఆయన నోట రాలేదు. వచ్చే నెల కార్డుకు సగం బియ్యమే దొరుకుతుందని ప్రసూనకు తెలుసు. గోదాము అధికారి ఒకాయన తన పేరు రాయొద్దని ఒట్టు వేయించుకుని మరీ చెప్పాడు. ఆయన పై అధికారిని అడిగితే కాదనలేదు, తలుపు మాత్రం వేసుకున్నాడు. మంత్రి చివర్లో గ్యాలరీ వైపు తలెత్తి, పత్రికలవాళ్లు జనాన్ని బెదరగొట్టే రాతలు రాస్తే సభాహక్కుల సంఘం ముందు నిలబడాల్సి వస్తుందన్నారు. బడ్జెట్ మీద గానీ, కరెంటు మీద గానీ, చివరికి క్యాంటీన్ టీ రుచి మీద గానీ ఏనాడూ కలవని రెండు పక్షాలూ ఆ ఒక్కమాటకు మాత్రం కలిసి బల్లలు చరిచాయి.

"ఐదింటికల్లా నీ మాట చెప్పు," అన్నాడు ఎడిటర్ ఫోనులో. "రాస్తానంటే మొదటి పేజీ. వద్దంటే నేనేమీ అనుకోను." వద్దని ఆయనే ఆజ్ఞ వేసి ఉంటే ఆమెకు హాయిగా ఉండేది, తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికేవాడు. ఇప్పుడు భారమంతా ఆమె నెత్తినే పడింది. హక్కుల సంఘమంటే భయమే, ఉద్యోగం పోతుందన్నా భయమే. అంతకన్నా పెద్ద భయం వేరే ఉంది. కిందటేడు ఉల్లిగడ్డలు దొరకవన్న పుకారుకు ఒక దుకాణం ముందు తొక్కిసలాట జరిగి ఒక ముసలాయన చెయ్యి విరిగింది. ఆ వార్త రాసింది ప్రసూనే. ఈసారి తన వార్త వల్లే ఎవరి చెయ్యి విరుగుతుందోనన్నదే ఆ భయం.

"నిజం చెబితే జనం కొట్టుకుంటారని తెలిసినప్పుడు, కొన్నాళ్లు ఊరుకోవడం తప్పా సార్?" అని అడిగింది కూర్చోకుండానే.

విశ్వంభరం గారు గోడ గడియారం చూశారు. "ట్యాంకరు జంగయ్య ఫోను చేసే వేళైంది. నేను బిళ్ల వేసుకుని కాస్త నడుం వాలుస్తాను. నువ్వు ఈ ఫోను దగ్గర కూర్చో. అతను ఏం చెబితే అది మెట్ల మీద నిలబడి బయటివాళ్లకు చెప్పెయ్యి."

"సార్, నాకు ఐదింటికల్లా..."

"ట్యాంకరు అంతకుముందే వస్తుందిలే," అని ఆయన లోపలి గదిలోకి వెళ్లిపోయారు.

గుట్ట వాలున, సార్ ఇల్లున్న ఆ బస్తీకి ఎండాకాలం మూడు నెలలూ నీళ్ల ట్యాంకరే దిక్కు. అక్కడ మనుషులు వరసలో నిలబడరు, బిందెలు నిలబడతాయి. తెల్లవారకముందే ఎవరి బిందె వాళ్లు తెచ్చి వరసలో పెట్టి పనులకు పోతారు. మెడకు గుడ్డపేలిక కట్టినది ఒకటి, సొట్ట పడినది ఒకటి, ఎర్ర రంగు చుక్క పెట్టినది ఒకటి. మనిషి లేకపోయినా బిందె ఉంటే చాలు, దాని చోటు ఎవరూ ముట్టుకోరు. వెనక ఒకప్పుడు జంగయ్య తనకు తోచిన ఇంటికి ఫోను చేసేవాడట. ఆ ఇంటివాళ్లు ముందు తమవాళ్ల చెవిలో వేసేవారు. దానిమీద జుట్లు పట్టుకునేదాకా వచ్చాక, కబురు సార్ ఇంటికే రావాలనీ, వచ్చిన కబురు మెట్ల మీద నుంచి అందరికీ ఒకేసారి చెప్పాలనీ బస్తీ మొత్తం కూడబలుక్కుంది. ప్రసూనకు ఈ కథంతా తెలుసు. ఆయన ఇంటికి రావడం ఆమెకు కొత్తేమీ కాదు.

ఫోను మోగింది.

"సార్ లేడా? మీరెవరో గని జర చెప్పుండ్రి. ఇయ్యాల సగం ట్యాంకరే తెస్తున్న, నింపేకాడ నీళ్లు లెవ్వు. ముందుగాలనే చెప్పుండ్రి అమ్మా. కింది గల్లీల బోరు రెండింటిదాంక నడుస్తది, కావల్సినోళ్లు అటు పోతరు. రెండు దాటినంక కరెంటుండది."

ప్రసూన మెట్ల మీదికి వచ్చింది. ఎండ కళ్లలో పొడుస్తోంది. బిందెల వరస మూల మలుపు దాకా ఉంది, గోడ నీడన ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఎవరి బిందెనో ఎవరో కాలితో జరిపారని అప్పటికే ఇద్దరి మధ్య మాటామాటా పెరిగి, ఒకామె చెయ్యెత్తింది కూడా. ప్రసూన మెట్టు మీదే ఆగిపోయింది. సగమేనంటే ఈ వరస ఉంటుందా? సగంతోనే సరిపోతుందేమో. సరిపోకపోయినా ట్యాంకరు వచ్చాక కళ్లతో చూస్తారు, అప్పుడు చెప్పినట్టూ ఉంటుంది, తన వల్ల గొడవ జరగనట్టూ ఉంటుంది.

వరస చివర నుంచి బాలమణి కేకేసింది. "అమ్మా, ఆగాల్నా, బోరుకు పోవాల్నా?" బాలమణి కూతురు పురిటికి పుట్టింటికి వచ్చింది. పాప పుట్టి ఇంకా వారం కాలేదు. పొద్దున తల్లీబిడ్డల పనులు తెమిలేసరికే వేళ మించిపోయి, ఆమె బిందె రోజూ ఆఖరున పడుతోంది.

"బయల్దేరిందట, వస్తోంది," అంది ప్రసూన.

అబద్ధం కాదు. బాలమణి హమ్మయ్య అనుకుని బిందె పక్కనే చతికిలబడింది. చెయ్యెత్తినామె చెయ్యి దించింది. వీధి చల్లబడింది. ఇంత తేలికగా చల్లబడినందుకు ప్రసూనకు తన మీద తనకే కాస్త ముచ్చట కూడా వేసింది.

అంతలో వరసలో ముందున్న సుగుణమ్మ చల్ల గ్లాసు పట్టుకుని మెట్లెక్కింది. సార్ ఇంటికి ఎవరొచ్చినా ఏదో ఒకటి తెచ్చిపెట్టే మనిషి. "ఎండల వడి వచ్చినవు బిడ్డా, తాగు," అంది. తాగుతూ ఉంటే నెమ్మదిగా అడిగింది. "ఎంతొస్తదట?"

చేతిలో ఆమె ఇచ్చిన గ్లాసు ఉండగా ఆమె మొహం మీద అబద్ధమాడటం ప్రసూన వల్ల కాలేదు. "సగమేనటమ్మా. మీరు ముందే ఉన్నారుగా, మీకేం పర్వాలేదు," అంది గొంతు తగ్గించి.

సుగుణమ్మ గ్లాసు తీసుకుని వెళ్లింది. కాసేపటికి ఆమె బిందె పక్కన ఒక ప్లాస్టిక్ డ్రమ్ము వచ్చి కూర్చుంది. ఇంకాసేపటికి ఆమె తోడికోడలి బిందె పక్కన రెండు బకెట్లు. తర్వాత ఆ వెనకున్నామె ఇంట్లోకి వెళ్లి వంటగంగాళం మోసుకొచ్చింది. అరుపుల్లేవు, తోపులాట లేదు. కబురు వరస మొదట్లోనే నాలుగిళ్లు తిరిగి అక్కడే ఆగిపోయింది. బాలమణి వరస చివర కొంగుతో విసురుకుంటూ, ట్యాంకరు వచ్చే దారివైపు చూస్తూ కూర్చుని ఉంది.

ప్రసూనకు అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున లాబీలో నడుస్తుంటే, కాసేపటి క్రితమే బల్ల చరిచిన సభ్యుడొకరు స్తంభం చాటున ఫోనులో బియ్యం వ్యాపారం చేసే తన తమ్ముడికి చెబుతున్నాడు, ఉన్న బస్తాలు ఇప్పుడే అమ్మొద్దనీ, పది రోజులు ఆగమనీ. అప్పుడది ఆమె చెవిన పడింది గానీ మనసుకు పట్టలేదు. ఇప్పుడా డ్రమ్మును చూస్తుంటే ఆ మాట అర్థమైంది. ఈ నెల బియ్యం ఇంకా తెచ్చుకోని ఇళ్లు వేలల్లో ఉన్నాయి. నెల దాటితే ఆ కోటా పోయినట్టే, పై నెల చేతికొచ్చేది సగమే. లారీలు బయల్దేరాయంటే వాళ్లంతా నిదానంగా నెలాఖరుకు వెళ్దామనుకుంటారు.

చెప్పేద్దామని ఆమె మెట్టు దిగింది. ఒక కాలు కిందా, ఒక కాలు పైనా ఉండగా సార్ ఇంట్లో పంకా గరగరమని ఆగిపోయింది. వీధిలో ఎక్కడో మోగుతున్న రేడియో కూడా మాట మధ్యలో ఆగింది. రెండు దాటింది. కింది గల్లీ బోరుకు ఇప్పుడు పోయి లాభం లేదు.

ట్యాంకరు వచ్చింది. జంగయ్య గొట్టం విప్పాడు. మొదటి బిందె, దాని పక్కన డ్రమ్ము, రెండో బిందె, దాని పక్కన బకెట్లు. సార్ బిందె కూడా నిండింది. వరస సగానికి వచ్చేసరికి ధార సన్నబడింది, ఇంకొన్ని బిందెలకు అడుగు తడిసింది, ఆ తర్వాత గొట్టం గాలి పీల్చుకుని ఊరుకుంది. "సగమే అని ముందే చెప్పిన గదా," అన్నాడు జంగయ్య అందరి మొహాలూ చూస్తూ. వీధి వీధంతా మెట్ల వైపు తిరిగింది. ప్రసూనకు భూమి చీలితే బాగుండుననిపించింది.

ఎవరూ ఆమెను తిట్టలేదు. సార్ శిష్యురాలన్న మర్యాద అడ్డొచ్చింది. ముందువాళ్లు గబగబా నీళ్లు లోపలికి చేరవేసుకుని తలుపులు దగ్గరికి వేసుకున్నారు. వెనకవాళ్లు గొణుక్కుంటూ ఖాళీ బిందెలు ఎత్తుకున్నారు. ప్రసూన సార్ బిందె భుజానికెత్తుకుని, ఒళ్లంతా తడుపుకుంటూ, బాలమణి ఇంటి గడపలోకి వెళ్లింది. లోపల పసిపాప ఏడుస్తోంది.

"కొట్లాడుకుంటారేమోనని భయపడ్డానమ్మా," అంది.

బాలమణి బిందె దించుకుంది. సగం నీళ్లు తన బిందెలోకి ఒంపుకుని, మిగతా సగంతో సార్ బిందెను తిరిగి ఆమె చేతికిచ్చింది. "మేం దినాం కొట్లాడుకుంటనే ఉన్నం గదమ్మా," అంది. "కొట్లాడి మళ్ల కలుస్తం. ఎరుకైతే బోరుకు పోయేదాన్ని, గంతే. నువ్వే నన్ను కూసుండబెట్టినవు." ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ప్రసూన తట్టుకునేది.

తిరిగి వచ్చేసరికి విశ్వంభరం గారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. సగం బిందెను చూశారు.

"సగమే వస్తుందని మీకు ముందే తెలుసా సార్?" అంది ప్రసూన. తనను కావాలని ఈ గోతిలోకి దించారేమోనన్న అనుమానం, అలాగే అయితే బాగుండునన్న ఆశ, రెండూ ఉన్నాయి ఆ ప్రశ్నలో.

"నాకెలా తెలుస్తుందమ్మా? జంగయ్య నీకే కదా చెప్పాడు."

ఎండ వాలింది. ఐదు కాకముందే ప్రసూన ఎడిటర్‌కు తనే ఫోను చేసింది. వచ్చే నెల కార్డుకు సగం బియ్యమేననీ, ఈ నెల కోటా తెచ్చుకోనివాళ్లు నెల దాటకముందే తెచ్చుకోవాలనీ, మొదటి వాక్యాలు నిలబడే చెప్పింది. అవతల ఎడిటర్ రాసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. నీ పేరు వేయమంటావా అని ఆయన అడిగాడు. వేయమంది. అన్నాక మళ్లీ ఆ పాత భయమే పట్టుకుంది. దుకాణం షట్టరు, జనం, ముసలాయన చెయ్యి. ఫోను చేత్తో మూసి, గురువు వైపు తిరిగింది.

"రేపు దుకాణాల దగ్గర గొడవ జరుగుతుందేమో సార్."

విశ్వంభరం గారు వీధి వైపు చూశారు. బిందెలన్నీ వెళ్లిపోయాయి. సుగుణమ్మ గుమ్మం ముందు డ్రమ్ము పెట్టినచోట నేల ఇంకా తడిగా ఉంది. వరస చివర మట్టి పొడిగానే ఉంది.

"ఇవాళ ఇక్కడ ఏ గొడవా జరగలేదు కదమ్మా," అన్నారాయన.