సుదర్శనం గాదెకు తాళం వేసిన కథ

అనగనగా ఒక అడవి, పిల్లలూ. ఆ అడవిలో పళ్లు తక్కువ, ఫోను సిగ్నలు ఎక్కువ. జంతువులన్నీ ఫోనుల్లో వ్యవసాయం ఆట ఆడేవి. ఆట పేరు 'పచ్చని చేను'. అందులో విత్తనం వేయాలి, నీళ్లు పెట్టాలి, ఎరువు చల్లాలి. నేల మీద ఒక్క మొక్క నాటనివాళ్లు కూడా ఆటలో వంగతోట వాడిపోతే తిండి మానేసి కూర్చునేవాళ్లు.

ఆటలో ముళ్లపంది వీరమ్మ దగ్గర బోలెడు ఎరువు ఉంది, నీళ్లు లేవు. ఎలుగుబంటి జాంబయ్యకు బావి నిండా నీళ్లున్నాయి, విత్తనాలు లేవు. నెమలి నీలకంఠం దగ్గర విత్తనాలున్నాయి, ఎరువు లేదు. ముగ్గురి చేలూ ఎండిపోతున్నాయి.

జాంబయ్య గుహ పక్కన నిజమైన నీటి ఊట ఒకటి ఉంది. అక్కడికి నీళ్లు తాగడానికి వచ్చి, వీరమ్మ మాట కలిపింది.

"జాంబయ్యన్నా, ఆటలో అందరం కలిసి ఒక గాదె పెట్టుకుందాం. మిగిలింది అందులో వేద్దాం. కావలసింది తీసుకుందాం."

"ఎవరైనా ఊరికే తీసుకుపోతే?" అన్నాడు జాంబయ్య.

"ఎవరు వేశారో, ఎవరు తీశారో అందరికీ కనిపిస్తుంది కదన్నా. సిగ్గనేది ఉంటుందిగా."

జాంబయ్య నీళ్లు పోశాడు. నీలకంఠం విత్తనాలు వేశాడు. వీరమ్మ ఎరువు తెచ్చింది. మిగతా జంతువులూ వచ్చి చేరాయి. ఆ పంటకాలంలో అందరి చేలలో టమాటాలు విరగకాశాయి.

అప్పుడు వచ్చాడు నక్క సుదర్శనం. అతని చేలో గడ్డి తప్ప ఏమీ మొలవదు. మాట మాత్రం బాగా పండుతుంది.

"ఇంత గొప్ప సంఘానికి అధ్యక్షుడు లేకపోవడం నాకు చాలా బాధగా ఉంది" అన్నాడు.

"నువ్వు గాదెలో ఏం వేశావు నాయనా?" అని అడిగాడు జాంబయ్య.

"నా సేవ వేస్తాను" అన్నాడు సుదర్శనం. "నీలకంఠంగారు ఉపాధ్యక్షులు. జాంబయ్యగారు జలశాఖ ఛైర్మన్. వీరమ్మక్క గౌరవ సలహాదారు. నేను ఒట్టి అధ్యక్షుణ్ణి."

ఆటలో గాదెకు తాళం వేసే వీలుంది. ఆ తాళం వీరమ్మ చేతిలో ఉండేది. ఆమె దాన్ని ఎప్పుడూ వాడలేదు. అది అధ్యక్షుడి దగ్గరే ఉండాలన్నాడు సుదర్శనం. ఇవ్వాలా వద్దా అని కాసేపు ఆలోచించింది. ఇంతలో ఫోనులో తన పేరు పక్కన 'గౌరవ సలహాదారు' అని బంగారు రంగులో కనిపించింది. చూడముచ్చటగా ఉంది. తాళం సుదర్శనానికి ఇచ్చేసింది.

మొదటి సమావేశంలో అధ్యక్షుడికి సన్మానం జరిగింది. రెండో సమావేశంలో గాదెకు తాళం వేసి, సరుకు కావలసినవాళ్లు అర్జీ పెట్టుకోవాలన్నారు. మూడో సమావేశంలో, పొద్దున్నే అధ్యక్షుడు పంపే శుభోదయం సందేశానికి దండం బొమ్మ పెట్టినవాళ్ల అర్జీలే చూస్తామన్నారు.

జాంబయ్యవి లావుపాటి వేళ్లు. దండం బొమ్మ నొక్కబోతే ఏడుపు బొమ్మ పడింది.

"అధ్యక్షుణ్ణి అవమానించారు. విత్తనాలు లేవు" అన్నాడు సుదర్శనం.

"నువ్వయినా చెప్పమ్మా" అని వీరమ్మను అడిగాడు జాంబయ్య.

వీరమ్మ తన పేరు పక్కనున్న బంగారు అక్షరాల వంక చూసుకుంది. "రూలు రూలే కదన్నా" అంది.

జాంబయ్య చేను బీడుపడింది. ఆయన గాదెలో నీళ్లు పోయడం మానేశాడు. అది చూసి నీలకంఠం విత్తనాలు దాచుకున్నాడు. ఆయన్ను చూసి అందరూ దాచుకున్నారు. గాదె ఖాళీ అయింది. అధ్యక్షుడు మాత్రం పాత ఫొటో ఒకటి వెతికి, 'నిండు గాదె, మన ఘనత' అని రోజూ పంపుతూనే ఉన్నాడు.

ఎండాకాలం వచ్చింది. ఇది ఆటలోది కాదు, నిజమైనదే. వాగులన్నీ ఎండిపోయాయి. వీరమ్మ తన ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకుని జాంబయ్య ఊట దగ్గరికి వెళ్లింది. జాంబయ్య అడ్డంగా కూర్చుని ఉన్నాడు.

"అర్జీ తెచ్చావా?" అన్నాడు.

వీరమ్మ నవ్వబోయింది. ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

"అన్నా, అది ఆట కదా."

"నా చేను ఎండినప్పుడు నాకు ఆటలా అనిపించలేదమ్మా. నువ్వు మాట్లాడతావనుకున్నాను."

చిన్నపిల్ల తడిగా ఉన్న రాయిని నాకుతోంది. వీరమ్మ తల దించుకుంది.

"తాళం ఇచ్చింది నేనే. రూలు అన్నదీ నేనే. బిరుదు చూసి మురిసిపోయాను. తప్పంతా నాదే, అన్నా. నా మీద కోపం నా మీదే ఉంచు. పిల్లల్ని తాగనివ్వు."

జాంబయ్య రాయిని నాకుతున్న పిల్ల వంక చూశాడు. తర్వాత లేచి పక్కకు జరిగాడు.

"నువ్వూ తాగు" అన్నాడు. "దాహానికి అర్జీ అడిగాను. నాకూ ఆ సుదర్శనానికీ తేడా లేకుండా పోయింది."

పిల్లలు తాగుతుంటే ఇద్దరూ అక్కడే కూర్చుని ఆటలో కొత్త గాదె తెరిచారు. దానికి తాళం పెట్టలేదు, పదవులు పెట్టలేదు. జాంబయ్య ముందుగా నీళ్లు పోశాడు. సాయంత్రానికి నీలకంఠం వచ్చాడు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి చేరారు.

పాత సంఘంలో సుదర్శనం ఒక్కడే మిగిలాడు. అతను ఏమాత్రం దిగులుపడలేదు. సమావేశం పెట్టి, తనను తానే మళ్లీ అధ్యక్షుడిగా ఎన్నుకుని, తనకు తానే దండం బొమ్మ పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ సంఘంలో తీర్మానాలన్నీ ఏకగ్రీవమే.

మనం నేర్చుకోవలసిన నీతి: అందరూ కలిసి నింపిన గాదె తాళం, అందులో గుప్పెడు గింజలైనా వేయనివాడి చేతికి ఇవ్వకూడదు.