చొక్కా మార్చుకున్న జ్వరం

అనగనగనగా, మనుషులకన్నా గొర్రెలే ఎక్కువున్న ఓ ఊళ్ళో మాళమ్మ అని ఓ కోడలుపిల్ల ఉండేది. దాని ఆడపడుచు ఈరమ్మ, ఇదిగో, మన చిట్టి అంత ఉంటుంది. ఊ కొడుతున్నారా?

ఓసారి ఈరమ్మను పిడుదు కుట్టింది. గొర్రెల నెత్తురు తాగి, కొట్టం గోడ పగుళ్ళలో దాక్కుంటాయే, అవి. జ్వరం వచ్చింది. జ్వరంతో వణుకు, వణుకుతో కలవరింత. తగ్గింది. హమ్మయ్య అని తలకు పోశారు. నాలుగు రోజులు ఆడుకుందో లేదో, మళ్ళీ వచ్చింది. వచ్చింది, పోయింది, పోయింది, వచ్చింది. పిల్ల పుల్లయిపోయింది.

మాళమ్మ అత్తగారు సుంకులమ్మేమో దయ్యం పట్టిందంది. కన్నతల్లి కదా, పాపం, భయంతో అంది. భూతవైద్యుడొచ్చి కొడవలి నిప్పుల్లో పెట్టాడు. వాత పెడితే పోతుందన్నాడు. ఈరమ్మ మాళమ్మ కొంగు పట్టుకుని, "వదినా, నేనేం చెయ్యలేదే, అదే వస్తోంది" అని ఏడ్చింది.

మాళమ్మ అడ్డంగా నిలబడింది. "అత్తా, ఒక్కసారి పట్నం డాక్టరమ్మకు చూపిద్దాం. నీ కాళ్ళు పట్టుకుంటా" అంది.

సుంకులమ్మ కొడవలి చూసింది, కూతురి మొహం చూసింది. "పదవే" అంది.

డాక్టరమ్మ రక్తం చుక్క తీసి భూతద్దాల మిషన్లో చూసింది. దయ్యం కాదమ్మా, పిడుదు కుట్టినప్పుడు ఒంట్లో దూరిన కంటికి ఆనని పురుగు అంది. మరి పోయినట్టే పోయి మళ్ళీ ఎందుకొస్తోందని మాళమ్మ అడిగింది.

ఏం చెప్పిందో వినండి. మన రక్తంలో కావలివాళ్ళుంటారట. పురుగు పైచొక్కా ఆనవాలు పట్టి చంపేస్తారట. ఆ చొక్కా ఎలా కుట్టాలో పురుగు లోపల డీఎన్‌ఏ అనే పోగులో ఉంటుందట. రెండు పేటలు మెలేసుకున్న పోగు. నీ జడ కాదులేవే చిట్టీ, నీది మూడు పాయలు! ఒక్కచోట మాత్రం అందులో ఓ పేట తనమీద తనే మడతలు పడి, నాలుగు పేటల ముడి అవుతుందట. ముడి దగ్గర పోగు తెగుతుంది, లోపల దాచుకున్న వేరే పోగు ముక్కల్లోంచి ఒకటొచ్చి అతుక్కుంటుంది. అంతే, చొక్కా మారిపోయింది! కావలివాళ్ళు ఇదెవరో అనుకుంటారు. వాళ్ళు తెలుసుకునేలోపల మళ్ళీ జ్వరం.

"అయితే నా బిడ్డ తప్పేం లేదా?" అంది సుంకులమ్మ.

"ఏం లేదు. పాపం, దాని ఒళ్ళు ప్రతిసారీ గెలుస్తూనే ఉంది" అంది డాక్టరమ్మ.

చొక్కాతో పనిలేకుండా పురుగునే చంపే మందిచ్చింది. ఈరమ్మ లేచి కూర్చుని గంజి అడిగింది. సుంకులమ్మ దాన్ని ఒళ్ళో వేసుకుని ఏడ్చింది, కోడల్నీ దగ్గరకు లాక్కుంది. ఇంటికెళ్ళి అత్తాకోడళ్ళు, పిడుదులు దాక్కోకుండా కొట్టం గోడల పగుళ్ళన్నీ మట్టితో మెత్తారు.

అందుకే నాయనా, జబ్బు తిరగబెట్టిందని జబ్బుపడ్డవాళ్ళని ఏమీ అనకూడదు. కథేమో కంచి దారి పట్టింది, మీరేమో దుప్పట్లో దూరండి.