గవరమ్మ చూడని మడుగు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో రెండు కొండలు, ఆ కొండల నడుమ ఒక ఏరు. ఏటి పేరు తేనేరు. నీళ్ళు తియ్యగా ఉంటాయని ఆ పేరు పెట్టారట. ఎవరు పెట్టారో మాత్రం ఎవరికీ తెలీదు.

ఏటికి ఎగువన ఇసుకరేవు ఉంది. నడుమ రాతిమడుగు ఉంది. దిగువన జమ్ముగడ్డి ఉంది. మూడు చోట్లా బోలెడన్ని చేపలు. వాటిని తిని నీటిపిల్లులు, కొంగలు, లకుముకి పిట్టలు హాయిగా బతికేవి. చేపలు కూడా మాట్లాడేవా అని అడక్కండి పిల్లలూ. మాట్లాడదామని అవి నోరు తెరిచేవి. తెరవగానే నోటినిండా నీళ్ళు. పాపం, అందుకే ఒక్క మాటా బయటికి వచ్చేది కాదు.

ఆ ఏటి గట్టున గవరమ్మ అనే ముసలి పీత ఉండేది. ఏటి మట్టి బాగుందో లేదో చూసి చెప్పడం ఆమె పని. అంతకుముందు వాళ్ళమ్మ చేసేది, ఆ తరవాత ఈమెకు వచ్చింది. నీళ్ళు చూడ్డానికి అద్దంలా ఉంటాయి, కానీ చెడంతా అడుగున మట్టిలో దాక్కుంటుందని వాళ్ళమ్మ చెప్పేది. మట్టిని వానపాముల్లాంటి చిన్న పురుగులు తింటాయి. పురుగుల్ని చిన్న చేపలు తింటాయి. చిన్న చేపల్ని పెద్ద చేపలు తింటాయి. పెద్ద చేపల్ని మనం తింటాం. అలా మట్టిలో పడ్డ విషం మెట్టు మెట్టుగా ఎక్కి మన కడుపులోకి వస్తుంది.

గవరమ్మ పని ఎలా చేసేదో చెబుతాను. ప్రతి పౌర్ణమికీ, ప్రతి అమావాస్యకీ పొద్దున్నే బయల్దేరేది. ఇసుకరేవులో చిటికెడు మట్టి, రాతిమడుగులో చిటికెడు మట్టి, జమ్ముగడ్డిలో చిటికెడు మట్టి తీసి, మూడు మోదుగాకుల్లో చుట్టి తెచ్చేది. గట్టున ఒక చప్టా రాయి ఉండేది. దాని మీద మూడు గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో మట్టి వేసి, నీళ్ళు పోసి, మూడేసి ఆల్చిప్పల్ని పెట్టేది. ఆల్చిప్పలకు మొహమాటం లేదు. మట్టి బాగుంటే కాసేపట్లో నోరు తెరుస్తాయి. బాగాలేకపోతే బిగించుకుని కూర్చుంటాయి. అన్నీ తెరిచాక గవరమ్మ రాయెక్కి, "ఏరు బాగుంది" అని చెప్పేది. అందరూ ఆ మాట విని ఎవరి పనికి వాళ్ళు పోయేవారు.

ఏళ్ళ తరబడి ఆల్చిప్పలు తెరుస్తూనే ఉన్నాయి. ఒక్కసారి కూడా బిగించుకోలేదు. ఈవిడ రోజూ ఉదయించే సూర్యుణ్ణి చూసి ఉదయించాడని చెబుతున్నట్టుందని కుర్రకొంగలు నవ్వుకునేవి. ఆ నవ్వు గవరమ్మ చెవిన పడేది.

ఆ ఏడు వానాకాలంలో ఒక అమావాస్యనాడు కుండపోతగా వాన కురిసింది. ఏరు పొంగింది. రాతిమడుగుకు పోవాలంటే నున్నటి బండ ఒకటి ఎక్కి దిగాలి. ఈ వానలో ఎవరు ఎక్కుతారని గవరమ్మ ఇసుకరేవు మట్టీ జమ్ముగడ్డి మట్టీ మాత్రం చూసి, ఏరు బాగుందని చెప్పేసింది. ఎవరూ ఏమీ అడగలేదు.

పౌర్ణమికి వాన లేదు. కానీ కాలు నొప్పిగా ఉంది. పోయినసారి బాగానే ఉంది కదా అనుకుని మడుగుకు పోలేదు. నిజానికి పోయినసారి కూడా ఆమె చూడలేదు. ఆ సంగతి అప్పటికే మరిచిపోయింది.

మూడోసారి వానా లేదు, నొప్పీ లేదు. ఊరికే పోలేదు.

చివరికి వానలు వెలిశాయి. నీళ్ళు తేటపడ్డాయి. ఏటివాళ్ళకు మడుగు పండగ వచ్చింది. రాతిమడుగులో ఏడాది పొడుగునా ఎవరూ వేటాడకూడదు. అక్కడ వాలుగ చేపలు ఒక్కోటి మీ మోచెయ్యంత పెరుగుతాయి. పండగనాడు అందరూ కలిసి వాటిని పట్టుకుని తింటారు. తొలి ముద్ద ఆ ఏడు పుట్టిన పిల్లలది.

నీటిపిల్లుల పెద్ద పోలినాయుడు ఏటికంతటికీ పెద్ద. ఆ ఏడు ఆయనకు ముగ్గురు పిల్లలు పుట్టారు. ముగ్గురూ బొద్దుగా, నల్లగా, జారుడుగా ఉండేవారు. తొలి ముద్ద తమదేనని తెలిసి వారం నుంచీ నోరు తెరిచి తింటున్నట్టు అభినయిస్తున్నారు. పండగ రేపనగా పోలినాయుడు గవరమ్మ ఇంటికి వచ్చాడు. పొద్దున అందరి ముందూ మడుగు బాగుందని చెప్పాక పిల్లలకు ఆమె చేత్తోనే తొలి ముద్ద పెట్టించాలని ఉందని చెప్పి, సంతోషంగా వెళ్ళిపోయాడు.

గవరమ్మకు మూడుసార్లుగా తను చూడని మడుగు గుర్తొచ్చింది. పండగనాడు తెల్లవారకముందే లేచింది. నున్నటి బండ ఎక్కింది, రెండుసార్లు జారింది, మూడోసారికి అవతల దిగింది. మడుగు నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అడుగున మట్టి తీసుకుని వచ్చి గుంటల్లో వేసింది. ఆల్చిప్పల్ని పెట్టింది.

ఇసుకరేవు గుంటలో ఆల్చిప్పలు తెరుచుకున్నాయి. జమ్ముగడ్డి గుంటలోవి తెరుచుకున్నాయి. మడుగు గుంటలోవి తెరవలేదు.

ఆల్చిప్పలకే ఏదో అయిందేమోనని అనుమానం వచ్చి, బిగుసుకున్న మూడింటినీ తీసి ఇసుకరేవు గుంటలో పెట్టింది. కాసేపటికి అవి తెరుచుకున్నాయి. అక్కడ తెరిచి ఉన్నవాటిని తెచ్చి మడుగు గుంటలో పెట్టింది. అవి టక్కున మూసుకున్నాయి. ఇక అనుమానం లేదు. చెడింది మడుగు మట్టే.

అప్పటికి గట్టు నిండిపోయింది. దూరపు చెరువుల నుంచి కొంగలు దిగాయి. లకుముకి పిట్టలు వరసగా కొమ్మల మీద కూర్చున్నాయి. జోగులు అనే ఎలుగుబంటి కూడా వచ్చాడు. అతనికి చేపలంటే పడదు. కానీ డాన్సంటే ఇష్టం. అందుకని ఏటా వచ్చి, పస్తుండి, ఆడి, వెళ్ళిపోయేవాడు. పోలినాయుడి పిల్లలు ముందు వరసలో కూర్చున్నారు.

గవరమ్మ రాయెక్కి, మడుగు మట్టి చెడిందని చెప్పింది. పోలినాయుడు రాయి దగ్గరికి వచ్చి అడిగాడు.

"ఎప్పటి నుంచి చెడింది పిన్నీ? నిన్నా ఇవాళా అయితే చెడు ఇంకా మట్టిలోనే ఉంటుంది. చేపల ఒంట్లోకి ఎక్కి ఉండదు. ఇంతమంది ఇంత దూరం వచ్చారు. ఇవాళ్టికి పండగ కానిచ్చి, రేపు మడుగు సంగతి చూద్దాం."

ఇక్కడ చూడండి పిల్లలూ. ఇసుక మీద పడ్డ అడుగులు గాలికి చెరిగిపోయినట్టు, గవరమ్మ చేసిన తప్పు కూడా అక్కడే చెరిగిపోయేది. నిన్నటి నుంచే అని ఒక్క మాట అంటే చాలు. పోయిన అమావాస్యకి బాగుందని ఆమే చెప్పింది కాబట్టి అందరూ నమ్ముతారు. ఆమె పరువు నిలబడుతుంది. పండగ జరుగుతుంది. తొలి ముద్ద పిల్లలు తింటారు.

ఆమె ఆ ముగ్గురు పిల్లల వైపు చూసింది. అప్పుడే ఒకడు అలవాటుగా నోరు తెరిచాడు.

"నాకు తెలీదు నాయనా," అంది గవరమ్మ. "మూడు పక్షాలుగా నేను మడుగు దగ్గరికే పోలేదు. పోకుండానే బాగుందని చెప్పాను. అది ఎప్పుడు చెడిందో నాకు తెలీదు."

అసిరయ్య అనే పెద్దకొంగ మనవల్ని వెంటబెట్టుకుని రెండు కొండలు దాటి వచ్చాడు. ఆయన మెడ సాగదీసి అన్నాడు. "ఇన్నేళ్ళూ నీ మాట మీదే ఈ మడుగు చేపలు తిన్నాం గవరమ్మా." గవరమ్మకు ఆ ఒక్క మాటే చాలింది. ఆమె కళ్ళు దించుకుని రాయి మీద అలాగే నిలబడింది.

పోలినాయుడు మడుగులో దూకి ఒక వాలుగ చేపను పట్టుకొచ్చాడు. చేప పెద్దదే. కానీ పట్టుకుంటే విదిలించుకోలేదు. మొప్ప ఎత్తి చూశారు. ఎర్రగా ఉండాల్సిన మొప్ప బూడిద రంగులో ఉంది. చెడు మట్టి నుంచి పురుగులోకి, పురుగు నుంచి చిన్న చేపలోకి, చిన్న చేప నుంచి పెద్ద చేపలోకి ఎప్పుడో ఎక్కేసింది.

పోలినాయుడు చేపను ఏటికి దూరంగా పాతిపెట్టించాడు. పిల్లల్ని దగ్గరికి తీసుకున్నాడు. తరవాత గవరమ్మ వైపు తిరిగి, "చూడకపోవడం తప్పే పిన్నీ. కానీ ఇవాళ నువ్వు నిన్నటి నుంచే అని ఉంటే నేను నమ్మేవాణ్ణి," అన్నాడు.

తరవాత అందరూ మడుగు ఎందుకు చెడిందో కనుక్కునే పని మీద పడ్డారు. పోలినాయుడు ఊపిరి బిగబట్టి మునిగాడు. మొదటిసారి పెద్ద బండరాయి తగిలింది. రెండోసారి మానుమొద్దు తగిలింది. మూడోసారి తేలి, అడుగున తుప్పు పట్టిన ఇనప పీపా ఉందని, దాని పగులులోంచి నల్లటి జిగురు కారుతోందని చెప్పాడు. కొండల అవతల మనుషులు ఎవరో పారేసింది, ఆ కుండపోత వానకి కొట్టుకొచ్చింది.

దాన్ని ఎవరూ నోటితో పట్టుకోవద్దని గవరమ్మ గట్టిగా చెప్పింది. తీగలు పేని తాడు చేశారు. పోలినాయుడు మునిగి పీపాకు తాడు చుట్టాడు. ఇటు కొస జోగులు భుజానికి వేసుకున్నాడు. అడవిపందులు ఏటికి దూరంగా, మిట్ట మీద, బంకమట్టి నేలలో లోతుగా గుంట తవ్వాయి. జోగులు లాగాడు. కొంగలు లయ తప్పకుండా అరిచాయి. లయ వినిపించేసరికి జోగులు ఆగలేక రెండడుగులు ఆడి, మళ్ళీ లాగాడు. అలా లాగుతూ ఆడుతూ పీపాను గుంటలోకి చేర్చాడు. పీపా చుట్టూ ఉన్న నల్ల మట్టిని కూడా ఆకుల దొప్పలతో తోడి అందులోనే వేసి, పైన బంకమట్టి మెత్తి గట్టిగా తొక్కారు. తొక్కడం పిల్లల వంతుకు వచ్చింది. ఆ పని వాళ్ళకు పండగకంటే బాగుంది.

పని అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. అందరికీ ఆకలి నకనకలాడుతోంది. చేపలు లేవు. అప్పుడు జోగులు కొంచెం సిగ్గుపడుతూ, తనకు తెలిసిన చోటు ఒకటి ఉందని చెప్పాడు. అందరూ అతని వెనక నడిచారు. కొండవాలున సీతాఫలాలు కళ్ళు విచ్చుకుని పండి ఉన్నాయి. పక్క కొమ్మకు ఇంత లావు తేనెపట్టు. తన జన్మలో మొదటిసారి మడుగు పండగలో కడుపు నిండా తింటున్నానని జోగులు అందరికీ చెప్పుకున్నాడు.

నీటిపిల్లులకు సీతాఫలం తినడం రాలేదు. పోలినాయుడు గింజలతో సహా మింగబోయి ఉక్కిరిబిక్కిరయ్యాడు. ఆయన పిల్లలు మాత్రం గింజల్ని దూరంగా ఉమ్మడం నేర్చేసుకున్నారు. ఒక గింజ పోయి అసిరయ్య ముక్కు మీద పడింది. ఆయన మొహం గంభీరంగానే పెట్టుకున్నాడు. తరవాత తనూ ఒక గింజ ఉమ్మాడు. అది పిల్లలందరివీ దాటి పోయి పడింది. ఆయన మనవలు రెక్కలు కొట్టి గోల చేశారు.

గవరమ్మ ఒక పక్కగా కూర్చుంది. ఈ పని ఇంకెవరికైనా అప్పగించమని పోలినాయుడికి చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. మట్టి గురించి తెలిసింది ఆమెకే, కానీ ఇకమీదట ఆమెను ఒంటరిగా పంపడం ఉండదన్నాడు. ప్రతిసారీ ఒక నీటిపిల్లి, ఒక కొంగ తోడు వెళ్ళాలని, ముగ్గురూ కళ్ళారా చూశాకే చెప్పాలని తీర్మానం చేశారు. నవ్విన కుర్రకొంగలే ముందు వంతు తమకు కావాలని అడిగాయి. బండ దాటాల్సినప్పుడు గవరమ్మను వీపు మీద ఎక్కించుకుని ఎగరడం కూడా వాటి పనే అయింది. ఇన్నేళ్ళుగా పాకిన ఏటిని పైనుంచి చూసిన మొదటి రోజున గవరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

మడుగు గుంటలో ఆల్చిప్పలు ఆ పౌర్ణమికి తెరవలేదు. తరవాత అమావాస్యకీ తెరవలేదు. చలికాలం పోయింది, ఎండాకాలం పోయింది, కొత్త వానలు పడ్డాయి. ఏరు పొంగి మడుగును కడిగింది. వాన వెలిసిన ఒక పొద్దున ఒక ఆల్చిప్ప సన్నగా నోరు తెరిచింది. తరవాత రెండోది. చాలాసేపటికి మూడోది.

మళ్ళీ మడుగు పండగ వచ్చింది. గట్టు నిండింది. గవరమ్మ రాయెక్కింది. పక్కన ఒక నీటిపిల్లి, ఒక కొంగ నిలబడ్డాయి.

"ఇసుకరేవు బాగుంది. జమ్ముగడ్డి బాగుంది. మడుగు మట్టి బాగుపడింది," అంది గవరమ్మ. "ఈ ఏడు పుట్టిన చిన్న చేపలు తినొచ్చు. పాత వాలుగ చేపల మొప్పలు ఇంకా బూడిదగానే ఉన్నాయి. వాటిని ఎవరూ ముట్టుకోవద్దు."

ఎవరూ సణగలేదు. ఏది తినొచ్చో, ఏది తినకూడదో తెలిసింది కాబట్టి అందరి మనసూ కుదుటపడింది. పోయినేడు ఆగిపోయిన పిల్లలూ, ఈ ఏడు పుట్టినవాళ్ళూ వెండిలా మెరిసే చిన్న చేపల్ని పట్టుకుని గవరమ్మ చేత్తో తొలి ముద్ద తిన్నారు. జోగులుకు సీతాఫలాలు విడిగా రాశి పోశారు. ఆ సాయంత్రం తేనేటి గట్టున జోగులు ఆడుతుంటే, ఎనిమిది కాళ్ళతో అడ్డంగా అడుగులు వేస్తూ గవరమ్మ కూడా ఆడింది. ఆ అడుగులు ఎవరికీ పట్టుబడలేదు.

నీతి: నలుగురూ నమ్మే మాట చెప్పేవాళ్ళు కళ్ళతో చూశాకే చెప్పాలి, చూడకుండా చెప్పామని తెలిస్తే పరువు చూసుకోకుండా వెంటనే ఒప్పుకోవాలి.