కొలను అడుగు

ఎవరేం అడిగినా చిదంబరయ్యగారు ముందు "చెప్పులేసుకో" అనేవారు. జవాబు ఇంట్లో కూర్చుంటే దొరకదని ఆయన నమ్మకం. ఆయన వెంట ఎండలో తిరగలేక ప్రశ్నలే మానుకున్న శిష్యులూ ఉన్నారు.

సోమశేఖరం మూడేళ్లుగా ఏమీ అడగలేదు. ఏడేళ్ల కూతురు విషజ్వరంతో పోయిన నెలకే ఆయన దగ్గరికి చేరాడు. పిల్ల బట్టలు ఎవరికో ఇచ్చేశాడు, ఫోటోలు అటకెక్కించాడు, ఆ పేరు మళ్లీ నోట రానివ్వలేదు. ఒకరోజు మాత్రం ఉండబట్టలేక అడిగాడు.

"దుఃఖమంతా ఎప్పుడో పూడ్చేసుకున్నానండీ. మళ్లీ ఎక్కణ్ణుంచి ఊరుతోంది?"

"చెప్పులేసుకో."

ఇద్దరూ వర్ధనమ్మగారింటికి వెళ్లారు. పక్షవాతం వచ్చిన భర్త నీళ్లలో నడిస్తే మంచిదని డాక్టరు చెబితే, ఆవిడ పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టించింది. రెండేళ్లు అందులో నడిచి నడిచి ఆయన పోయాడు. దాన్ని చూడలేక నిరుడు మట్టి పోయించేసింది. పైన నాటిన జామమొక్క వానలకు కుళ్లిపోయింది, పెరడంతా కాలు పెడితే దిగబడే బురదయింది. ఇప్పుడు మేస్త్రీ పోలయ్య ఆ మట్టంతా తిరిగి తోడించి, సమ్మెట పట్టుకుని అడుగున నిలబడ్డాడు. అతని చీలమండల దాకా నీళ్లున్నాయి.

"అప్పుడే చెప్పానమ్మా. అడుగున బొక్కలు కొట్టకుండా పూడిస్తే వాననీళ్లు ఎటు పోతాయి? మీరు ఇననేలేదు."

"ఆయన పాదాలు ఆనిన చోటు, పోలయ్యా. పగలగొట్టమని ఏ నోటితో చెప్పను?"

ఆవిడ నీళ్ల కింది నీలం టైల్స్ కేసి చాలాసేపు చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది.

సమ్మెట పడింది. కాపురం చేసిన నలభై ఏళ్లలో ఒక్కనాడూ భర్త పేరు పలకని మనిషి, "జగన్నాథంగారూ" అని పేరెత్తి పిలిచి, అక్కడే కూలబడి ఏడ్చింది. పోలయ్య ఆగి పైకి చూశాడు. ఆవిడ ఆపమనలేదు. అతను కొడుతూనే ఉన్నాడు. నాలుగైదు చోట్ల అడుగు పగిలాక, ఏడాదిగా నిలవున్న నీళ్లు మెల్లగా భూమిలోకి దిగడం మొదలుపెట్టాయి.

సోమశేఖరం మొహం తిప్పుకున్నాడు. చిదంబరయ్యగారు గట్టు మీద కూర్చుని, నీళ్లన్నీ ఇంకేదాకా చూస్తూ ఉన్నారు. అప్పుడు, ఈ మూడేళ్లలో ఎన్నడూ అడగని మాట అడిగారు.

"పాప పేరేమిటి, నాయనా?"