నల్లనీళ్లు కారిన గోడ

ఎదుటివాళ్ల భయం చూసి నవ్వే అలవాటున్న నూకరాజు లంబసింగి దగ్గర కొండ మీద ఒక పాత బంగళా కొని, భార్యని, చిన్న కూతుర్ని తీసుకొచ్చి కాపురం పెట్టాడు. ఆయన నర్సీపట్నం ఎండల్లో పెరిగిన మనిషి. లోకంలో ఆయన జడిసేది చలికొక్కదానికే. ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తకూడదు.

బంగళా హాల్లో, గోడలోకి కట్టిన పాత చలిమంట గూడు ఉండేది. దాని పొగ గోడ లోపలి దారినే పైకప్పు దాటి పోయేది. చలికాలం మొదలవగానే నూకరాజు, భార్య మాణిక్యం విశాఖపట్నం వెళ్లి ఇనుప పొయ్యిలు చూశారు. ఒకటి కాళ్ల మీద నిలబడేది. దాని గొట్టం గదిలో అందరికీ కనబడుతూ పైకి పోతుంది. రెండోది గూట్లోకి దూర్చేది. గాజు తలుపు తప్ప ఏమీ కనబడదు.

"గూట్లో పెట్టుకుంటే ముందు ఆ పాత పొగదారిలో పగుళ్లున్నాయేమో చూపించుకోండి. లోపల కొత్త గొట్టం కూడా దించుకోవాలి," అన్నాడు కొట్టాయన.

మాణిక్యం వెంటనే అందుకుంది. "వద్దండీ, నిలబడేదే తీసుకుందాం. వాన పడ్డప్పుడల్లా పాప గది గోడ మీద నల్లటి నీళ్లు కారుతున్నాయి. పొగదారి ఆ గోడలోనే కదా. నీళ్లొచ్చిన చోట పొగ రాదేటి? నాకు భయంగా ఉంది."

నూకరాజు కొట్టంతా వినబడేలా నవ్వాడు. "నీకు బల్లిని చూసినా భయమే. ఆ గొట్టం నిలబెట్టుకుంటే అది ఇల్లా, టీకొట్టా? దొరలు కట్టిన గోడ అది, మనకంటే గట్టిది," అన్నాడు. గూట్లో దూర్చేదే కొన్నాడు. కొత్త గొట్టం దించలేదు. ఇంటికొచ్చి గోడ మీది నల్లటి మరకకి తెల్ల రంగు వేయించాడు. మరక పోయింది కనుక భయం కూడా పోవాలని ఆయన లెక్క.

మాణిక్యానికి పోలేదు. పొయ్యి వెలిగినప్పుడల్లా పాప గదిలోకి వెళ్లి గోడకి చెయ్యి ఆనించి చూసేది. కిటికీ ఓరగా తీసి ఉంచేది. నూకరాజు వెనకే వెళ్లి మూసేవాడు.

ఒకనాడు పొద్దెక్కినా మంచు విడవలేదు. వాకిట్లో కాఫీ మొక్కలు కూడా కనబడలేదు. పాప సుభద్ర జలుబు చేసి తన గదిలో పడుకుంది. మాణిక్యం మందు కోసం ఊళ్లోకి వెళ్తూ, "ఆ కిటికీ మూయకండి," అని చెప్పింది. ఆమె గేటు దాటగానే నూకరాజు కిటికీ మూసి, సందుల్లో గోనెసంచులు కుక్కాడు. పొయ్యి నిండా కట్టెలు వేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

కాసేపటికి తల దిమ్ముగా అనిపించింది. హాల్లో పొగ లేదు. "అమ్మలూ, పాలు తాగుతావా?" అని పిలిచాడు. జవాబు లేదు. ఇంకోసారి పిలిచాడు. నిద్రపోతోందిలే అనుకున్నాడు కానీ, ఆ మాట తనకే నమ్మబుద్ధి కాలేదు. లేచి వెళ్లాడు.

తలుపు తీయగానే మసివాసన కొట్టింది. తెల్ల రంగు మీద మరక మళ్లీ తేలి ఉంది. గోడకి చెయ్యి ఆనిస్తే చురుక్కుమంది. పాప కళ్లు సగం తెరిచి ఉన్నాయి. కుదిపితే తల పక్కకి వాలిపోయింది. పుట్టి బుద్ధెరిగాక నూకరాజు అంత భయపడలేదు.

పాపని ఎత్తుకుని మంచులోకి పరుగెత్తాడు. కాళ్లకి చెప్పుల్లేవు, ఒంటి మీద శాలువా లేదు. "సుభద్రా, పలకమ్మా, ఒక్కసారి పలుకు," అని ఏడ్చాడు. ఏ చలికి జడిసి సందులన్నీ మూశాడో, ఆ చలిగాలే పాప ఊపిరిలోకి పోవాలని దేవుడికి మొక్కుకున్నాడు. మంచులోంచి మాణిక్యం మందుసీసాతో వచ్చి నిలబడిపోయింది. మరుక్షణం సీసా పక్కన పడేసి పాప అరికాళ్లు రుద్దసాగింది.

చాలాసేపటికి పాప దగ్గింది. వాంతి చేసుకుంది. "నాన్నా, చలేస్తోంది," అంది. ఆ మాట విని నూకరాజు మట్టిలో కూలబడిపోయాడు. పక్కతోట వాళ్ల జీపులో పాపని ఆసుపత్రికి తీసుకెళ్లారు. గోడ పగుళ్లలోంచి గదిలోకి చేరిన పొగే పాపకి ఎక్కిందని డాక్టరు చెప్పాడు.

ఇప్పుడు ఆ హాల్లో కాళ్ల మీద నిలబడే పొయ్యి ఉంది. దాని నల్లటి గొట్టం చూసి వచ్చినవాళ్లు నవ్వుతారు. నూకరాజు నవ్వడు. మాణిక్యం "ఎందుకో భయంగా ఉంది" అంటే చాలు, ఎక్కడని అడిగి, వెళ్లి చూసొస్తాడు. పాప మాత్రం ఈనాటికీ తలుపులు మూసిన గదిలో పడుకోదు.

నీతి: ఎదుటివారి భయాన్ని చూసి నవ్వకూడదు; అది చూపిస్తున్న చోటికి వెళ్లి మనం కూడా ఒకసారి చూడాలి.